పాట నాది, జవాబు అత్తది

ఆ రోజుల్లో మా కొండాపూర్‌లో పొద్దుగూకే వేళకు ఎవరైనా తనలో తాను నవ్వుకుంటూ నడిచి వస్తుంటే, వాడికి పిచ్చెక్కిందని ఎవరూ అనుకునేవారు కాదు. మా ఇంటి అరుగు మీంచి లేచి వస్తున్నాడని అనుకునేవారు. (ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, కొంచెం గొప్పలే.) డెబ్బైల మొదటి మాట ఇది. ఇప్పుడు మీకు అద్దాల మేడలు కనిపించే చోట అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య మా బర్రెలు ఉండేవి. సినిమా చూడాలంటే పట్నం పోవాలి, పట్నం పోవాలంటే బస్సు రావాలి, బస్సేమో రోజుకు రెండుసార్లే వచ్చేది. అందుకని ఊరి జనం దగ్గర్లో దొరికే వినోదం కింద నన్ను పెట్టుకున్నారు. నాకప్పటికి ఇరవై ఏళ్ళు. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక చదువు మానేసి, పాటలు కట్టడం మొదలుపెట్టాను. ఊరంతా నన్ను లొల్లిగాడు అనేవారు. నాకు పెట్టిన పేరు అదొక్కటే కాదు కానీ, అచ్చులో వేయదగింది మాత్రం అదొక్కటే.

నా పాటల్లో దేవుళ్ళూ రాజులూ ఉండేవారు కాదు. నాకు తెలిసినవాళ్ళే ఉండేవారు. పట్వారీ గారి మీసం మీద ఒకటి, నార్సింగి పెళ్ళిలో బంతిలో కూర్చుని ఏడోసారి పప్పు అడిగినాయన మీద ఒకటి, గాలి తప్ప నీళ్ళు రాని మా వాడ చేతిపంపు మీద ఒకటి. ఎవరి మీద పాట కడితే వాళ్ళు రెండు రోజులు నాతో మాట్లాడేవారు కాదు. మూడోరోజు వచ్చి, "నా పాట ఇంకోసారి పాడురా, మా బామ్మర్ది వచ్చిండు, ఇంటడంట" అనేవారు. చేతిలో ఒక కంజీర, నోట్లో ఇంత పొగరు, అంతే నా సామాను. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు పిలిచేవారు. నేను పాడితే జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు, నేను ఆ నవ్వంతా నా ఖాతాలో వేసుకునేవాణ్ణి. ఇక్కడే ఉంది అసలు సంగతి.

మా నాయినకు ఒక అక్క ఉండేది. నాకు మేనత్త. ఆమెను తెల్లాపూర్‌లో ఇచ్చారు. మామ పోయాక మా ఇంటికే వచ్చేసింది, వంటింట్లో అమ్మకు సాయంగా, వాకిట్లో నాకు శత్రువుగా. మేనత్తకు మేనల్లుణ్ణి ఆట పట్టించే హక్కు పుట్టుకతో వస్తుందని మీకు తెలుసు కదా, మా అత్త ఆ హక్కును ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు. నేను అరుగు మీద కూర్చుని పాట ఎత్తుకోగానే ఆమె చాటలో పప్పో బియ్యమో పోసుకుని గడప దగ్గర కూర్చునేది. తల ఎత్తేది కాదు. రాళ్ళు ఏరుతూనే, నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక మాట విసిరేది. పంపు పాట ఇలా ఉండేది:

"కొట్టంగ కొట్టంగ గాలొచ్చె, గాలెంబడి కప్పొచ్చె,
నీళ్ళెప్పుడొస్తయి అత్తో, నీళ్ళెప్పుడొస్తయి?"

వెంటనే గడప దగ్గరనుంచి, "నువ్వు తానం జేస్తవని దానికి తెల్వనీయకు కొడుకా, అవే వస్తయి!" అని వచ్చేది. ఇక చూడాలి జనాన్ని. మర్నాడు పాడితే జవాబు ఇంకోలా ఉండేది. ఒక్కసారి అన్న మాట మళ్ళీ అనేది కాదు. పెళ్ళిళ్ళకు కూడా ఆడవాళ్ళతో పాటు అత్త ఎలాగూ వచ్చేది కాబట్టి, ఆమె లేనిచోట నేను పాట పాడిన పాపాన పోలేదు. ఆ విషయం నాకు అప్పుడు తట్టనే లేదు. ఆమె నోరు నా పాటకు అడ్డమని, ఆమె కాస్త ఊరుకుంటే నేను ఎంతటివాణ్ణి అయ్యేవాణ్ణో అని లోపల బాధపడేవాణ్ణి.

ఇంతలో మా నాయినకు నా భవిష్యత్తు గుర్తొచ్చింది. లింగంపల్లి దిక్కున ఏదో ఫ్యాక్టరీలో గేటు దగ్గర నిలబడే పని ఉందని ఎవరో చెప్పారు. నాయిన ఒప్పుకుని వచ్చేశాడు. నిలబడేది నేను కాబట్టి ఆయనకు కష్టమేం లేదు. నేను లబోదిబోమన్నాను. రేడియోకు అర్జీ పెట్టుకున్నానని, పల్లె పాటలవాళ్ళను వాళ్ళే పిలిచి పరీక్ష చేస్తారని చెప్పాను. నాయిన బర్రెకు కుడితి పెడుతూ, నా వైపు కాక బర్రె వైపు చూస్తూ అన్నాడు: "రేడియోల నీ గొంతు ఇనవడ్డదనుకో, ఇగ నేను నిన్నేమన. ఇనవడలేదా, కిక్కురుమనకుంట పోయి గేటు కాడ నిలవడు. గంతే." నాయిన "గంతే" అన్నాడంటే దాని తర్వాత మాట ఉండదు. నా బతుకంతా పాటా గేటా అన్న ఆ ఒక్క మాట మీద నిలబడింది.

రేడియో వాళ్ళ కార్డు వచ్చిన రోజున ఊళ్ళో నేను నడిచిన నడక ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. కార్డును జేబులో సగం బయటికి కనపడేలా పెట్టుకుని, అవసరం లేకపోయినా పంపు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. పరీక్ష రోజు పొద్దున్నే లేచి, నూనె పెట్టి తల దువ్వుకుని బయటికి వస్తే, అరుగు మీద అత్త కూర్చుని ఉంది. పెళ్ళిళ్ళకు కట్టే పచ్చ చీర కట్టుకుంది. పక్కన ఒక మూట.

"ఏడికత్తా?"

"ఏడికేంది? నీ ఎంబడే. సార్లకు ఇంత కందిపప్పు కట్టిన. మన శేనుదే. ఉట్టి శేతులతోని పోతమా?"

ఆ చదువుకున్నవాళ్ళ మధ్య ఈమె మూట, ఈమె నోరు! "నువ్వొద్దు అత్తా. గాడ అందరు పెద్ద పెద్దోళ్ళుంటరు. నీ నోటితోని నా ఇజ్జత్ పోతది" అన్నాను. అత్త నన్ను ఒకసారి చూసింది. ఏదో అంటుందని నేను తల దించుకుని నిలబడ్డాను. ఏమీ అనలేదు. మూట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను పుట్టాక అత్త నాకు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. నేనేమో గెలిచానని అనుకుని, కంజీర చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

రేడియోలో నన్ను ఒక గదిలోకి పంపి తలుపు వేశారు. గోడలన్నీ మెత్తగా, చిల్లులు చిల్లులుగా ఉన్నాయి. దగ్గితే దగ్గు తిరిగి రాలేదు, అక్కడే చచ్చిపోయింది. అద్దానికి అవతల కళ్ళద్దాలు పెట్టుకున్న ఆఫీసరొకాయన కూర్చున్నాడు. కోస్తా ఆయన, మెత్తని మనిషి. "ఎర్ర దీపం వెలగ్గానే మొదలెట్టండి బాబూ, భయపడకండి" అని ఆయన గొంతు పైనున్న స్పీకర్లోంచి వచ్చింది. దీపం వెలిగింది. నేను పంపు పాట ఎత్తుకున్నాను. గాలి వచ్చింది, కప్ప వచ్చింది, "నీళ్ళెప్పుడొస్తయి అత్తో, నీళ్ళెప్పుడొస్తయి?" అని ఆగాను. అలవాటు కదా. ఆగి, చెవి పక్కకు పెట్టి, చూస్తూ నిలబడ్డాను. గదిలో ఈగ కూడా లేదు. కాసేపటికి స్పీకర్లోంచి, "నీళ్ళు కావాలాండీ? పంపిస్తున్నాను" అన్నాడాయన. ఒక ముసలి అటెండరు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. తాగాను, ఏం చెయ్యను?

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడికే వచ్చి మళ్ళీ ఆగాను. "మరిచిపోయారాండీ?" అన్నాడు ఆఫీసరు. "లేదు సార్, జవాబు కోసం చూస్తున్న" అన్నాను. "ఎవరి జవాబు?" "మా అత్తది సార్." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆగకుండా పాడమన్నాడు. పాడాను. ఆగకుండా పాడితే అది పాటలా లేదు, పంచాయతీకి రాసుకున్న అర్జీలా ఉంది. పోనీ అత్త మాటలు కూడా నేనే అందామని గొంతు సన్నం చేసి ప్రయత్నించాను. అటెండరు భయపడి గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళుగా ఎవరి నోరు నాకు అడ్డమనుకున్నానో, ఆ నోరు తీసేస్తే నా పాటలో మిగిలింది ఒక కప్ప. అది నాకు ఆ మెత్తని గదిలో, ఎర్ర దీపం కింద, ఒంటరిగా తెలిసింది. ఆఫీసరు లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీది సగమే విన్నట్టుందండీ. వచ్చే మంగళవారం ఇంకోసారి రండి. ఆ మిగతా సగాన్ని కూడా తీసుకురండి. అదే ఆఖరు అవకాశం మరి, నా చేతుల్లో కూడా అంతే ఉంది" అన్నాడు.

ఇంటికి రాగానే నాయిన, "ఏమైందిర?" అన్నాడు. "గొంతు మస్తుగున్నదట, మంగళవారం మళ్ళ రమ్మన్నరు" అన్నాను. (అబద్ధం కాదు, నిజాన్ని కొంచెం దువ్వి పౌడరు వేశాను.) ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని పంపు పాట ఎత్తుకున్నాను. అత్త గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది. "నీళ్ళెప్పుడొస్తయి అత్తో?" అని ఆగాను. రాయి ఏరి పక్కన పడేసింది. ఇంకో రాయి ఏరింది. అంతే. జనం నా మొహం, ఆమె మొహం చూసి, "అత్తకు పానం బాగలేదా?" అని అడిగి ఒక్కొక్కరే లేచిపోయారు. రెండో రోజూ అంతే. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. తిట్టేవాళ్ళు తిట్టకపోతే ఎంత నరకమో నాకు అప్పుడే తెలిసింది.

మూడోరోజు ఉండబట్టలేక వెళ్ళి ఆమె చాట ముందు కూర్చుని అంతా చెప్పేశాను. ఆగిపోవడం, నీళ్ళ గ్లాసు, సన్న గొంతు, అన్నీ. సన్న గొంతు దగ్గరికి వచ్చేసరికి అత్త పెదవి కొంచెం కదిలింది కానీ అణుచుకుంది. "నాది తప్పే అత్తా. నువ్వు రాకపోతే నా పని ఖతం. నేను గేటు కాడ నిలవడాలె" అన్నాను. చాలాసేపు బియ్యం చెరిగింది. తర్వాత అడిగింది: "పట్వారి మీద కట్టినవు. పంపు మీద కట్టినవు. బర్రె మీద సుత రెండు కట్టినవు. నా మీద ఒక్కటన్న కట్టినవార?"

నిజంగానే కట్టలేదు. ఎదురుగా రోజూ కూర్చునే మనిషి కదా, కంటికి ఆనలేదు.

"నా మీద ఒకటి కట్టు. గప్పుడొస్త."

నాలుగు రోజులు బర్రెల వెంట తిరుగుతూ కట్టాను. పాట తయారైంది, విను అత్తా అంటే వినలేదు. "ముందుగాల ఇంటె జవాబు పాసిపోతది. గాడనే పాడు" అంది. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. మంగళవారం పొద్దున మళ్ళీ పచ్చ చీర, మళ్ళీ అదే పప్పు మూట. బస్సులో మూట నేనే పట్టుకున్నాను.

ఆఫీసరు లేచి నిలబడి అత్తకు నమస్కారం పెట్టాడు. పప్పు మాత్రం, "ఇలాంటివి తీసుకోకూడదమ్మా, తప్పండీ" అని చేతులు జోడించాడు. అత్త మూట ఒళ్ళో పెట్టుకుని మైకు ముందు కూర్చుంది. ఎర్ర దీపం వెలిగింది. నేను ఎత్తుకున్నాను:

"సూడు సూడు మాయత్త సోకూ,
సేతిల సాట, నోట్ల బాకూ!"

ఆగాను. అత్త వైపు చూశాను. మా వాడలో ఏనాడూ నోరు మూయని మనిషి, పట్వారీని ఎదురుగా నిలబెట్టి కడిగేసిన మనిషి, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని కూర్చుంది. "అమ్మా, ఏదైనా అనండి" అన్నాడు స్పీకర్లోంచి ఆఫీసరు. "ఏమనాలె సారు?" అని పైనున్న స్పీకరుతో అంది అత్త, సన్నగా, నాకు పరిచయం లేని గొంతుతో. ఇంకోసారి పాడాను. ఇంకోసారీ అంతే. లింగంపల్లి గేటు కళ్ళ ముందు తెరుచుకుంది. "జర మాట్లాడత్తా" అని గొణిగాను. "ఏమొ కొడుకా, నోట్లెకు ఒస్తలేదు. పరేషానైతుంది" అంది. పాపం, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూట మీద ఆమె వేళ్ళు ఊరికే కదులుతున్నాయి, లేని రాళ్ళను ఏరుతున్నట్టు.

ఆ వేళ్ళను చూశాక నాకు తట్టింది. అత్త ఏనాడైనా ఖాళీ చేతులతో కూర్చుని మాట్లాడిందా? పరుగున బయటికి వెళ్ళి, ఆ ముసలి అటెండరు టీలు మోసే పళ్ళెం లాక్కొచ్చాను. ఆయన అరుస్తూ నా వెనకే వచ్చాడు. మూట విప్పి పప్పు పళ్ళెంలో పోసి అత్త ఒళ్ళో పెట్టాను. అద్దం అవతల ఆఫీసరు లేచి నిలబడ్డాడు. అత్త పప్పును ఒకసారి అరచేత్తో నెరిపింది. ఒక రాయి ఏరి పక్కన వేసింది. భుజాలు దిగాయి. "ఊఁ, పాడు" అంది, తల ఎత్తకుండా.

"సూడు సూడు మాయత్త సోకూ, సేతిల సాట, నోట్ల బాకూ!"

"నీకు బాకెందుకు బిడ్డా, సూది సాలు!"

"బర్రె తంతె బాధ లేదు, అత్త తిడితె మందు లేదు!"

"మందున్నది. పొద్దుగాల లేశి పని జేశినవనుకో, ఎంటనే తక్కువైతది!"

తలుపు దగ్గర ముసలి అటెండరు పళ్ళెం సంగతి మరిచిపోయి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు భుజాలు ఊగుతున్నాయి. నాకు రెక్కలొచ్చాయి. ఒకదాని వెంట ఒకటి పాడుతూ, నేను చివరికి దాచుకున్న చరణానికి వచ్చాను. అది నవ్వించడానికి కట్టింది కాదు.

"అత్తనిడిసి పట్నం పోతి, అడుగడుగున తట్టుకుంటి,
సగము పాట ఇంట్లుండంగ, సగము తోని ఏడికి పోతి?"

పప్పు చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు, కానీ ఇది వేరేది. ఆఫీసరు దీపం ఆర్పలేదు. అత్త అడిగింది, "మల్ల పోతవా?"

"పోనత్తా."

"పోతవు. నీ సంగతి నాకు తెల్వదా? పోయేటప్పుడు జెప్పి పో" అని మళ్ళీ పప్పు నెరిపింది.

ఆ రోజు రికార్డు చేసినదాన్నే, పప్పు చప్పుడుతో సహా అంతా ఉంచేశారు. నెలన్నర తర్వాత ఒక సాయంత్రం పల్లెటూరివాళ్ళ కార్యక్రమంలో వేశారు. పంచాయతీ రేడియో ముందు ఊరంతా కూర్చుంది. నేను ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాను. అనౌన్సరమ్మ ముందు అత్త పేరు చెప్పింది, తర్వాత, "వారికి సహకరించినవారు, వారి మేనల్లుడు" అంది. నా పేరు చెప్పిందో లేదో, జనం వేసిన ఈలల్లో వినపడలేదు. అంతా అయ్యాక నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. నేను ఎదురెళ్ళి, "ఎట్లున్నది నాయినా?" అన్నాను. "మా అక్క మస్తు మాట్లాడింది. నడుమ నడుమ ఎవడో అడ్డమొచ్చి ఒకటే పాడుతుండె" అన్నాడు. కానీ గేటు మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత నేను పాటలతోనే బతికాను. పెళ్ళిళ్ళు, జాతరలు, స్టేజీలు, ఎన్నో చూశాను. అత్త ఇంకో పదేళ్ళు నా పక్కన పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. ఆమె పోయాక కొందరిని కూర్చోబెట్టి చూశాను, మంచివాళ్ళే, కానీ రాసిచ్చిన జవాబులు చదివేవారు. చివరికి ఆ సన్న గొంతు నేనే సాధన చేశాను. ఇప్పుడు జనం దానికే ఎక్కువ నవ్వుతారు.

మొన్నీమధ్య మా బర్రెలు మేసిన చోటనే లేచిన ఒక అద్దాల ఆఫీసులో ఏదో వేడుకకు పిలిచారు. ఒక అబ్బాయి వచ్చి, "అంకుల్, మీ స్లాట్ ట్వంటీ మినిట్స్ అండీ, క్రౌడ్‌ని కొంచెం ఎంగేజ్ చేయండి" అన్నాడు. సరేనని పంపు పాట ఎత్తుకున్నాను. "నీళ్ళెప్పుడొస్తయి అత్తో, నీళ్ళెప్పుడొస్తయి?" అని ఆగాను. సన్న గొంతు అందుకోవాల్సిన చోటే అది. కానీ ఎందుకో ఆ రోజు అందుకోలేదు. ఊరికే చెవి పక్కకు పెట్టి నిలబడ్డాను. పాపం ముసలాయన మరిచిపోయాడనుకుని పిల్లలు ధైర్యం చెప్పడానికి చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి ఒక అమ్మాయి పరుగున స్టేజీ ఎక్కి, "తీసుకోండి అంకుల్" అని నీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

తాగాను, ఏం చెయ్యను? చల్లగా ఉన్నాయి. నేను తానం చేస్తానని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు, అత్త అన్నట్టే అవే వచ్చాయి. అంతమంది ముందు, చేతిలో సీసాతో, నాలో నేను నవ్వుతూ నిలబడిపోయాను. పిచ్చెక్కిందనుకునే ఉంటారు. వాళ్ళకు మా అరుగు తెలియదు కదా.